రెండక్షరాల చిత్రకారుడు వపా

శ్రీకాకుళం: ఇంట్లో పెద్దవాళ్ళ ట్రంకు పెట్టె అడుగున అట్ట నలిగిన చందమామ సంచిక ఏదైనా దొరికితే, పారేయకుండా దాని ముఖచిత్రాన్ని ఒకసారి పరికించి చూడండి. రథం మీద వీరుడో, చెట్టు నీడన మునికన్యో, కొండంత రాక్షసుడో కనబడతారు. బొమ్మలో ఒక మూల చిన్నగా వ.పా. అని రెండక్షరాలు ఉండవచ్చు. కొన్ని దశాబ్దాల పాటు తెలుగు పిల్లలు ఆ రెండక్షరాలను చూస్తూ పెరిగారు. వాటి వెనుక ఉన్న మనిషి మన శ్రీకాకుళం పట్టణంలో పుట్టినవాడేనని మాత్రం చాలామందికి తెలియదు. ఆయన పేరు వడ్డాది పాపయ్య.

ఆయన వేసిన బొమ్మ చూడని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. ఆయన ముఖం చూసినవారు మాత్రం ఆ రోజుల్లోనే తక్కువ. రాజాస్థానాల గోడల కోసమో, పట్నాల్లో ప్రదర్శనశాలల కోసమో కాక అచ్చు కాగితం కోసం జీవితమంతా బొమ్మలు వేసిన చిత్రకారుడాయన. అందుకే ఆయన చిత్రాలు పల్లెటూరి అరుగు మీదికి కూడా వచ్చి చేరాయి.

డ్రాయింగు మాస్టారి కొడుకు

పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తల్లి మహాలక్ష్మి, తండ్రి రామ్మూర్తి. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు. ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. ఆ నాటికి పాపయ్య దాదాపు ముప్ఫై ఏళ్ళ వాడు.

తండ్రి రామ్మూర్తి గారు డ్రాయింగు ఉపాధ్యాయుడు. పాపయ్యకు తొలి గురువు ఆయనే. కుంచె పట్టడం, గీత గీయడం, రంగు కలపడం ఇంట్లోనే అబ్బాయి. తండ్రి చేతిపని చూస్తూ పెరిగిన పిల్లవాడికి అదే బడి అయింది.

ఇంటికి వచ్చిన రాముడు

ఆ రోజుల్లో పల్లెవాసికి బొమ్మ అంటే గుడి గోడ మీది శిల్పం, తోలుబొమ్మలాట తెర, సంక్రాంతి ముగ్గు. శ్రీముఖలింగంలో రాతి మీద చెక్కిన బొమ్మలు ఎంత గొప్పవైనా వాటిని చూడాలంటే మనిషే అక్కడికి వెళ్ళాలి. బొమ్మ మనిషి ఇంటికి నడిచి వచ్చింది అచ్చు యంత్రం వచ్చాకనే.

ఆ మార్పు తెచ్చినవారిలో కేరళకు చెందిన రాజా రవివర్మ ముఖ్యుడు. 1848లో పుట్టి 1906లో మరణించిన ఈ చిత్రకారుడు 1894లో బొంబాయిలో సొంతంగా రాతి అచ్చు ముద్రణాలయం పెట్టించాడు. నున్నగా తోమిన రాతి పలక మీద జిడ్డు కలిసిన సిరాతో బొమ్మ దించి, రాతిని తడిపి, దానిపై రంగు సిరా పూసేవారు. నీళ్ళున్న చోట సిరా అంటదు, జిడ్డున్న చోటనే అంటుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. ఒకే కాగితాన్ని అన్ని రాళ్ళ మీదా వరసగా నొక్కితే చివరకు రంగుల బొమ్మ తయారయ్యేది. అలా లక్ష్మి, సరస్వతి, రాముడు కొద్దిపాటి డబ్బుకు సామాన్యుల ఇళ్ళ గోడలెక్కారు.

పాపయ్య ఇంట్లో కూడా రవివర్మ వేసిన కోదండరాముని బొమ్మ ఉండేదట. ఐదేళ్ళ వయసులోనే దాన్ని చూసి బొమ్మ వేయడం మొదలుపెట్టాడని ఆయన గురించి తెలిసినవారు చెప్పుకుంటారు. ఆ పిల్లవాడు చూసింది రవివర్మ చేత్తో వేసిన అసలు చిత్రం కాదు, అచ్చు ప్రతి. ఎక్కడో దూరదేశంలో ఒకరు వేసిన బొమ్మ అచ్చయి నాగావళి ఒడ్డున ఒక పసివాడి కంట పడింది. తర్వాతి కాలంలో ఆ పసివాడు వేసిన బొమ్మలు అలాగే అచ్చయి లక్షల మంది పిల్లల కంట పడ్డాయి.

మద్రాసు బాట

ఆనాడు చిత్రకారుడికి బతుకుతెరువు దొరకడం కష్టం. బొమ్మలు కొనే జమీందార్ల కాలం గడిచిపోతున్నది. ఇదే ప్రాంతంలో పాపయ్యకు సమకాలికుడైన అంట్యాకుల పైడిరాజు విజయనగరంలో చిత్రకళ నేర్పే పాఠశాల నడిపి శిష్యులను తయారు చేశారు. పాపయ్య పత్రికల బాట పట్టారు. తెలుగు పత్రికలు ఎక్కువగా మద్రాసు నుంచి వెలువడే రోజులవి. రచయిత, సంపాదకుడు చక్రపాణి దృష్టిలో పడడం ఆయన జీవితంలో పెద్ద మలుపు.

చక్రపాణి, ముద్రణాలయం యజమాని బి.నాగిరెడ్డి కలిసి 1947 జూలైలో చందమామను తెలుగు, తమిళ భాషల్లో ప్రారంభించారు. దాదాపు ప్రతి పేజీలో బొమ్మ ఉండాలన్నది ఆ పత్రిక పద్ధతి. చదువు రాని పిల్లవాడు కూడా బొమ్మలు చూసి కథ పట్టుకోగలగాలి. అందుకని చిత్రకారులకు అక్కడ రచయితలతో సమానమైన స్థానం ఉండేది. చిత్ర అనే పేరుతో బొమ్మలు వేసిన టి.వి.రాఘవన్, బేతాళ కథల శంకర్, మహాభారత ముఖచిత్రాల ఎం.టి.వి.ఆచార్య ఆ పత్రికకు వన్నె తెచ్చారు. ఆచార్య వెళ్ళిపోయిన తర్వాత ముఖచిత్రాల భారం ప్రధానంగా వపా మీద పడింది. దాన్ని ఆయన ఏళ్ళ తరబడి మోశారు. పురాణ కథల ధారావాహికలకు లోపలి బొమ్మలు కూడా వేశారు.

తర్వాత చందమామ కన్నడం, హిందీ, మరాఠీ, ఒడియా వంటి ఎన్నో భాషలకు విస్తరించింది. ముఖచిత్రం మాత్రం అందరికీ అదే. ఇచ్ఛాపురంలో తెలుగు చందమామ చదివే పిల్లవాడూ, సరిహద్దు దాటి బరంపురంలో ఒడియా జహ్నమాము చదివే పిల్లవాడూ ఒకే హనుమంతుణ్ణి చూసేవారు.

కుంచె నుంచి కాగితం దాకా

వపా వేసిన బొమ్మ మన చేతికి ఎలా వచ్చేదో తెలుసుకుంటే ఆయన పని ఎంత కష్టమైనదో అర్థమవుతుంది.

ఆనాటి అచ్చు యంత్రానికి తెలిసినవి రెండే సంగతులు. ఎత్తుగా ఉన్నచోట సిరా అంటుతుంది, పల్లంగా ఉన్నచోట అంటదు. అందుచేత బొమ్మను లోహపు రేకు మీద ఎత్తుపల్లాలుగా మార్చాలి. దాన్నే బ్లాకు అనేవారు. ఒట్టి గీతల బొమ్మయితే పని సులువు. బొమ్మను ఫోటో తీసి, ఆ నెగెటివును వెలుతురుకు గట్టిపడే పూత పూసిన జింకు రేకు మీద పెట్టి కాంతి చూపేవారు. గీతలున్న చోట పూత గట్టిపడుతుంది. మిగిలిన పూత కడిగేసి ఆమ్లంలో ముంచితే ఖాళీ భాగాన్ని ఆమ్లం తినేస్తుంది, గీతలు మాత్రం ఎత్తుగా నిలుస్తాయి.

బుగ్గ మీది లేత నీడ, మబ్బులోని మసక అచ్చు వేయడం అలా కుదరదు. నల్ల సిరాలో లేత నలుపు, ముదురు నలుపు అని ఉండవు కదా. అందుకు ఒక ఉపాయం కనిపెట్టారు. కెమెరాలో నెగెటివు ముందు, జల్లెడలా అడ్డంగా నిలువుగా సన్నని గీతలు గీసిన అద్దం పెట్టి ఫోటో తీస్తారు. బొమ్మ మొత్తం చుక్కలుగా విడిపోతుంది. ముదురు భాగంలో చుక్కలు పెద్దవి, లేత భాగంలో చిన్నవి. దూరం నుంచి చూసిన కంటికి అవి కలిసిపోయి నీడలుగా తోస్తాయి. దినపత్రిక ముతక కాగితానికి అంగుళానికి 65 వరసల చుక్కలు పెడితే, నున్నని కాగితానికి 133 వరసల దాకా పెట్టేవారు. ఈ బ్లాకులను సాధారణంగా రాగి రేకు మీద చేసేవారు.

రంగుల బొమ్మకు ఇదంతా నాలుగింతలు. చీరల అద్దకంలో ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు ఉన్నట్టే ఇక్కడా పసుపు, ఎరుపు, నీలం, నలుపు అని నాలుగు బ్లాకులు ఉండాలి. అసలు బొమ్మను రంగు అద్దాల గుండా వేరు వేరుగా ఫోటో తీసి రంగులు విడదీస్తారు. ఎర్ర అద్దం గుండా తీసినది నీలం బ్లాకుకు, ఆకుపచ్చ అద్దం గుండా తీసినది ఎరుపు బ్లాకుకు, ఊదా అద్దం గుండా తీసినది పసుపు బ్లాకుకు పనికొస్తుంది. ఆ తర్వాత ఒకే కాగితం మీద నాలుగు రంగులూ పడాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా సీతమ్మ పెదవి ఎరుపు బుగ్గ మీదికి పోతుంది.

చిత్రకారుడు ఎంత సున్నితంగా రంగు వేసినా ఇన్ని చేతులు దాటేసరికి కొంత పోతుంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు రంగులు ఒకటైపోతాయి. బొమ్మ సైజు తగ్గించినప్పుడు మరీ సన్నని గీతలు సిరాతో మూసుకుపోతాయి. పోయేది పోగా మిగిలేది అందంగా ఉండేలా ముందే ఊహించి వేయాలి. వపా బొమ్మల్లో ముందున్న మనిషికీ వెనుకనున్న చెట్టుకీ తేడా చెదరదు. ముక్కు, కన్ను, చేతివేళ్ళు గీత కట్టినట్టు స్పష్టంగా ఉంటాయి. అది ఆయన శైలి, అచ్చు పని తెలిసినవాడి జాగ్రత్త కూడాను. పైగా నెలనెలా గడువు తప్పకుండా బొమ్మ అందాలి. మనసు బాగుంటే వేద్దాం, లేకుంటే మానేద్దాం అనే వీలు లేదు.

యువ పత్రికలో

పిల్లలకు చందమామలో పరిచయమైన వపా పెద్దలకు యువ మాసపత్రికలో దగ్గరయ్యారు. అదీ చక్రపాణి పత్రికే. అందులో, ముఖ్యంగా దీపావళి ప్రత్యేక సంచికల్లో, ఆయన రంగుల చిత్రాల కోసం పాఠకులు ఎదురుచూసేవారు. కావ్యనాయికలు, రాగాలు, రుతువులు, పండుగలు, పల్లె పడుచులు ఆయన కుంచెకు ఇష్టమైన విషయాలు. మనుషుల ఒంటి తీరులో రవివర్మ దారి కనిపించినా, గీతలోని ఒయ్యారం, నగల తీరు, చీర కట్టు, చెట్టూ చేమా అన్నీ ఆయన సొంతం. ఆ పేజీలను జాగ్రత్తగా విడదీసి పటం కట్టించుకున్న ఇళ్ళు ఉన్నాయి. ఒకప్పుడు రవివర్మ రాముడు వేలాడిన గోడల మీద ఇలా వపా బొమ్మలు చేరాయి.

తెర మీది బొమ్మ, కాగితం మీది బొమ్మ

చందమామ స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణి విజయా సంస్థ పేరిట సినిమాలు కూడా తీశారు. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ వచ్చాయి. అంటే తెలుగువారు తెర మీద చూసిన ఘటోత్కచుడూ, కాగితం మీద చూసిన ఘటోత్కచుడూ ఒకే యజమానుల ఇంటి నుంచి వచ్చారన్నమాట. సినిమా బొమ్మ సెకనుకు 24 ఫోటోల చొప్పున కళ్ళముందు పరుగెత్తి పోతుంది. టూరింగు టాకీసు డేరా ఎత్తేస్తే మళ్ళీ ఎప్పటికో గాని చూడలేము. చందమామ బొమ్మ అలా కాదు. ఒక ఇంట్లో అన్న చదివాక తమ్ముడికి, తర్వాత పక్కింటి పిల్లలకు, సెలవుల్లో వచ్చిన మేనత్త పిల్లలకు చేతులు మారేది. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడవచ్చు. పెన్సిలుతో పక్కనే మళ్ళీ వేసి చూసుకోవచ్చు. అలా వపా బొమ్మలను చూసి వేస్తూ చిత్రకళలో అడుగుపెట్టినవారు ఎందరో ఉన్నారు.

ముఖం చూపని మనిషి

ఇంత పేరు వచ్చినా పాపయ్య ప్రచారానికి దూరంగా ఉన్నారు. సభలు, సన్మానాలంటే ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఫోటోలు కూడా చాలా తక్కువ. లక్షల ముఖాలు ఇంటింటికీ పంపిన మనిషి తన ముఖం పంపడానికి ఇష్టపడలేదు. పాఠకులకు ఆయన ఇచ్చిన చిరునామా ఆ రెండక్షరాలే.

చక్రపాణి 1975లో, చిత్ర 1978లో, చందమామకు ఏళ్ళ తరబడి వెన్నెముకగా నిలిచిన కొడవటిగంటి కుటుంబరావు 1980లో కన్నుమూశారు. తోటివారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నా వపా బొమ్మలు వేస్తూనే ఉన్నారు. చివరి రోజులు ఆయన అనకాపల్లి దగ్గర కశింకోటలో గడిపారు. అప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. 1992 డిసెంబరు 30న వపా మరణించారు. అప్పటికి ఆయన వయసు 71 ఏళ్ళు. చందమామ 1998లో కొంతకాలం ఆగి, తిరిగి వెలువడి, 2010 తర్వాతి సంవత్సరాల్లో పూర్తిగా నిలిచిపోయింది. ఆ తరం చిత్రకారుల్లో ఒకరైన శంకర్ కూడా 2020లో కన్నుమూశారు.

సెల్‌ఫోనులో వపా

ఇప్పుడు రాగి బ్లాకులు లేవు, ఆమ్లం తొట్టెలు లేవు. పత్రికలు ఆఫ్‌సెట్ యంత్రాలకు మారి చాలా కాలమైంది. అయినా చుక్కల పద్ధతి పోలేదు. ఇవాళ్టి రంగుల దినపత్రికలోని బొమ్మను భూతద్దం కింద పెడితే ఆ నాలుగు రంగుల చుక్కలే కనబడతాయి. సెల్‌ఫోను తెర మీది బొమ్మ కూడా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల చిన్న చిన్న చుక్కలతో తయారైనదే. నలుపు తెలుపు మాయాబజార్‌కు కంప్యూటరు సాయంతో రంగులద్ది 2010లో విడుదల చేశారు. పాత చందమామలను అభిమానులు స్కానింగు చేసి దాచారు. అందువల్ల ఈనాటి పిల్లలు కూడా ఫోనులో వపా బొమ్మలు చూడగలుగుతున్నారు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. స్కానరు కాగితం మీద ఉన్నదాన్నే చూస్తుంది. కాగితం పసుపెక్కితే బొమ్మ పసుపెక్కుతుంది. చెద తిన్న చోట బొమ్మ ఉండదు. అచ్చు చుక్కల మీద స్కానరు చుక్కలు సరిగా కుదరకపోతే బొమ్మంతా అలలు అలలుగా మచ్చలు పడతాయి. కంప్యూటరుతో మరమ్మతు చేయవచ్చు గాని, పోయిన చోట అసలు ఏముండేదో దానికి తెలియదు. బాగున్న ప్రతి ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటేనే వపా వేసిన రంగు ఏదో చెప్పగలం.

ఆ బాగున్న ప్రతి పెద్ద పెద్ద సంస్థల్లోనే ఉంటుందనుకోనక్కర లేదు. వపా వేసింది అచ్చు కోసం, అది చేరింది ఇళ్ళకు. నరసన్నపేటలోనో, పాలకొండలోనో, చీపురుపల్లిలోనో ఒక ఇంటి అటక మీద ఉన్న సంచికే మిగిలిన వాటిలో మంచిది కావచ్చు. ఇల్లు సర్దేటప్పుడు దాన్ని పాత కాగితాల వాడికి కిలోల లెక్కన వేసేస్తే ఆ బొమ్మ మళ్ళీ దొరకదు.

కనుక పాత చందమామ, యువ సంచికలు ఉన్నవారు వాటిని ఎండ తగలకుండా, తడి చేరకుండా, వేపాకు వేసి భద్రపరచడం మంచిది. దాచలేనివారు గ్రామ గ్రంథాలయానికో, బడికో ఇవ్వవచ్చు. బడిలో ఉపాధ్యాయులు ఒక సంచిక తీసి పిల్లల ముందు పెట్టి, మూలన ఉన్న రెండక్షరాలు చూపించి, ఈయన మన ఊరివాడేనని ఒక్క మాట చెబితే చాలు. తండ్రి నేర్పిన విద్యతో, గోడ మీది ఒక అచ్చు బొమ్మతో మొదలైన మనిషి ఆయన. ఆ పిల్లల్లో ఒకరు పెన్సిలు తీసుకుంటే వపాకు అంతకు మించిన సన్మానం ఉండదు.